నలుగురిలో మాట

ఆ మధ్య మా కాలేజీలో బి.కాం. పూర్తిచేసిన కుర్రవాడొకడు మా ఇంటికి వచ్చాడు. ఏదో కంపెనీ వుద్యోగానికి రాతపరీక్ష నెగ్గాడట. ఇక గ్రూప్ డిస్కషన్ గండం మిగిలింది. "ఎట్ల మాట్లాడల్ల సార్?" అన్నాడు. తెలుగు మేష్టరును కదా, మాట నా సొంత ఆస్తి అని నాకొక నమ్మకం. "దానికేముందిరా! మొదట నువ్వే అందుకో. గొంతు తగ్గించకు. ఎవరు అడ్డం వచ్చినా ఆగకు" అని వీపు తట్టి పంపించాను.

పదిరోజులకు తిరిగి వచ్చాడు. ముఖం చూస్తేనే సంగతి తెలిసిపోయింది.

"మీరు చెప్పినట్టే మొదట నేనే మాట్లాడినా సార్. గట్టిగానే మాట్లాడినా. ఆ తర్వాత ఎవురేం మాట్లాడినారో నాకు తెలీదు. కడాకు ఆ పెద్దాయన, అందరూ చెప్పింది కలిపి రెండు మాటల్లో చెప్పమన్న్యాడు. నోరు పెగల్లేదు."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తప్పు వాడిది కాదు, నాది. ఎన్ని అష్టావధానాలు చూశాను! చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుని సమస్య ఒకరూ, దత్తపది ఒకరూ, నిషిద్ధాక్షరి ఒకరూ విసురుతూ వుంటే, అవధాని అందరికీ జవాబు చెప్పి, ఆఖరున పద్యాలన్నీ ధారణ చేస్తాడు. సభ లేచి చప్పట్లు కొట్టేది ఆ ధారణకే. ఆయన గొప్పతనం నోట్లో ఎంత వుందో చెవిలోనూ అంత వుంది. అప్రస్తుత ప్రసంగానికి మాత్రం ఒక్కరినే కూర్చోబెడతాం. నేను మా కుర్రవాణ్ణి అవధానిని చెయ్యక, అప్రస్తుత ప్రసంగిని చేసి పంపాను!

ఈ పరీక్ష పుట్టుక చూసినా ఇదే తేలుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, బ్రిటిష్ సైన్యం అధికారులను ఎన్నుకోవడానికి కొత్తగా బోర్డులు ఏర్పరచింది. కొందరిని ఒకచోట చేర్చి, నాయకుడెవరో చెప్పకుండా ఒక పని అప్పగించి, పక్కన నిలబడి చూసేవారు. గుంపును ఒక జట్టుగా మలచేవాడెవడన్నదే వారికి కావలసింది. మన సైన్యపు సెలక్షన్ బోర్డుల్లో నేటికీ గ్రూప్ డిస్కషన్ వుంది. కంపెనీలలో సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండుమందిని కూర్చోబెట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ఇస్తారు. అహమ్మదాబాదు, బెంగుళూరు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు మాత్రం దీని స్థానంలో రాత అభ్యాసం, ఇంటర్‌వ్యూ పెట్టుకున్నాయి. కొన్ని బిజినెస్ స్కూళ్ళు చర్చను వదల్లేదు. అంచేత వెళ్ళేముందు ఆ ఏటి ప్రకటన చదువుకోవడం మంచిది.

చేసిన తప్పు దిద్దుకోవాలని శుక్రవారం సాయంత్రాలు పదిమంది పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. ఒకనాడు "ఆనకట్టలు కావాలా, వద్దా?" అన్న విషయం ఇచ్చాను. రాజంపేటలో ఇది పుస్తకాల విషయం కాదు. 2021 నవంబరు 19న, ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగిన నీరు కూడా తోడై, చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఎట్లా అయ్యాయో చూసినవాళ్ళం.

పిల్లలు రెండు జట్లుగా చీలి అరుచుకున్నారు. ఏటిగట్టు పల్లెలో అమ్మమ్మగారి ఇల్లున్న అమ్మాయి ఒకతె పది నిమిషాలు నోరు విప్పలేదు. తర్వాత మెల్లగా అందుకుంది.

"ఈ అన్న సేద్యానికి నీళ్ళు కావల్ల అన్న్యాడు. ఆ అక్క దిగువోళ్ళకు భయమంటాంది. రెండూ నిజమే. కట్టినాక దాన్ని చూసుకునేదెవరు? నీళ్ళొచ్చే రాత్రి దిగువపల్లెకు చెప్పేదెవరు? అది మాట్లాడదాం."

అరుపులు ఆగాయి. ఆ తర్వాతే చర్చ నడిచింది.

ఆ పిల్ల చేసిందే సూత్రం. ముందు మాట్లాడినవాడి మాట కొస పట్టుకుని నీ మాట ముడివెయ్యి. ఎదుటివాడిది తప్పయితే మాటను కాదను, మనిషిని కాదు. పరీక్షకుల వైపు కాక తోటివారి వైపు చూడు. ఖాయంగా తెలిస్తే తప్ప అంకెలు చెప్పకు. నోరు విప్పనివాడు పక్కన వుంటే "మీరేమంటారు?" అని అడుగు. ఇంగ్లీషులో చిన్న వాక్యాలు చాలు.

అయితే ఆ అమ్మాయిలో ఒక లోపమూ వుంది. పరీక్షలో పది నిమిషాలు వూరుకుంటే ఆమె వంతు రాకుండానే గంట కొట్టేస్తారు. పెద్దల ఎదుట నోరెత్తరాదని మనమే పెంచాం. తెలిసినది చెప్పడం ఎదిరించడం కాదని కూడా మనమే చెప్పాలి. రెండు మూడు నిమిషాలు విని, తప్పక అందుకోవాలి.

మా కుర్రవాడికి మరోచోటి నుంచి పిలుపు వచ్చింది. మొన్న వచ్చినప్పుడు అరగంటసేపు ఇవన్నీ చెప్పాను. లేచి వెడుతూ నేను చెప్పినదంతా రెండు మాటల్లో నాకే అప్పజెప్పాడు. అందులో, చెప్పి నేనే మరిచిపోయిన సంగతి కూడా ఒకటి వుంది.