నిండా ఇరవై ఎనిమిదేళ్లు కూడా లేవు!

ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. సైన్సు రికార్డులో మందారపువ్వు బొమ్మ వెయ్యాలంటే క్లాసులో సగం మంది వాడి చుట్టూనే మూగుతారు. గుండె బొమ్మ, కప్ప బొమ్మ, భారతదేశం పటం... అన్నీ వాడే. వాడి లెక్కల నోటు పుస్తకం మాత్రం వెనక నుంచి మొదలవుతుంది. చివరి పేజీల నిండా బొమ్మలు! పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి కాలనీల్లో ఇలాంటి పిల్లలున్న ఇళ్లు ఎన్నో. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన నాన్న ఆ నోటుబుక్కు చూస్తే అనే మాట కూడా అన్నిళ్లలో ఒకటే. ‘బొమ్మలు అన్నం పెడతాయారా?’

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. జీతం మీద బతికే ఇంట్లో అది నిజమైన బెంగ. అయితే జవాబు చెప్పుకునే ముందు ఓ కుర్రాడి కథ వినాలి. ఆయన పేరు దామెర్ల రామారావు. 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. అప్పటికి ఇంగ్లండులో విక్టోరియా రాణి ఇంకా సింహాసనం మీదే ఉంది. 1925 ఫిబ్రవరి 6న కన్నుమూశాడు. నిండా ఇరవై ఎనిమిదేళ్లు కూడా లేవు. ఆ కొద్ది కాలంలోనే ఆంధ్రుల బొమ్మకు ఓ దారి చూపించి వెళ్లాడు.

కూల్డ్రే దొర చూపు

1909లో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఒక ఇంగ్లిషాయన వచ్చారు. పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. 1882లో, అంటే విక్టోరియా కాలంలో పుట్టిన మనిషి. కవిత్వం రాసేవారు, బొమ్మలూ వేసేవారు. అప్పట్లో మన దేశానికొచ్చిన దొరల్లో చాలామందికి మన బొమ్మలంటే చిన్నచూపు. వాటిలో కొలతలు లేవు, వెలుగునీడలు లేవు, మనుషులు నిజం మనుషుల్లా ఉండరు అనేవారు. కూల్డ్రే ఆ బాపతు కాదు. ఈ గడ్డ మీద పుట్టిన పిల్లలు ఈ గడ్డ బొమ్మే వెయ్యాలన్నది ఆయన పట్టుదల.

ఆయన చుట్టూ చేరిన కుర్రాళ్లను చూడండి. తర్వాత నవలలు, పాటలు, బొమ్మలు అన్నింటిలో పేరు తెచ్చుకున్న అడివి బాపిరాజు ఒకరు. కవికొండల వెంకటరావు ఒకరు. చదువు కంటే బొమ్మల మీదే ధ్యాస ఉన్న మన రామారావు మరొకరు. ఈ కుర్రాణ్ని ‘పుస్తకం తియ్’ అని గద్దించకుండా, ఆ చేతిలో ఏముందో చూశారు దొరగారు. అజంతా, ఎల్లోరా గుహలకు తీసుకెళ్లి చూపించారు.

అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. అంటే మన మెదక్, సంగారెడ్డిలను ఏలిన ప్రభువు కిందే! ఆ గోడల మీద వందల ఏళ్ల నాటి మనుషులు. కళ్లు, వేళ్లు, నడుము వంపు... అన్నీ గీతలోనే పలుకుతాయి. నీడలు దిద్ది ఉబ్బెత్తుగా చూపించాల్సిన పని లేదు. పశ్చిమ దేశాల పద్ధతి ఒక్కటే పద్ధతి కాదని ఆ కుర్రాడికి అర్థం కావడానికి ఇంతకన్నా మంచి బడి ఏముంటుంది?

బొంబాయిలో అచ్చుబొమ్మల చదువు

1916లో కూల్డ్రే ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లారు. అప్పటి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఈయన గీసిన బొమ్మలు చూసి నేరుగా మూడో సంవత్సరం తరగతిలో కూర్చోబెట్టారట!

ఆ స్కూలు 1857లో మొదలైంది. పాఠాలన్నీ విక్టోరియా కాలం నాటి లండన్ పద్ధతిలోనే. గ్రీకు విగ్రహాల అచ్చుల్ని ముందు పెట్టుకుని పెన్సిలుతో దిద్దాలి. వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీడ ఎంత చిక్కన, ఎముక ఎక్కడ, కండ ఎక్కడ... ఇలా ఏళ్ల తరబడి సాధన. తైలవర్ణాలు వెయ్యడం ఆ తర్వాతి సంగతి. మన ఇళ్లలో లక్ష్మీదేవి, సరస్వతి పటాలుగా వేలాడే రవివర్మ బొమ్మల వెనక ఉన్నదీ ఆ పాశ్చాత్య పద్ధతే.

రామారావు ఆ విద్యను కాదనలేదు. శ్రద్ధగా నేర్చుకున్నారు. మనిషి ఒంటిని కొలతలు తప్పకుండా గీయగలిగిన చెయ్యి అక్కడ తయారైందే. అయితే అక్కడ ఆగిపోలేదు. గుజరాత్, కాఠియావాడ్ ప్రాంతాలు తిరిగారు. అక్కడి ఆడవాళ్ల నడక, కట్టు, బొట్టు స్కెచ్ పుస్తకాల్లో నింపుకున్నారు. బొంబాయి నేర్పిన కొలతను, అజంతా నేర్పిన గీతను, గోదావరి నేర్పిన రంగును ఒక్కచోట చేర్చారు.

ఆ రోజుల్లో కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ పద్ధతి జోరుగా ఉండేది. మంచుతెర కప్పినట్టు మసకమసకగా ఉండే నీటిరంగుల బొమ్మలవి. దేశమంతా ఆ గాలే. రామారావు దాన్నీ గౌరవించారు కానీ అనుకరించలేదు. ఆయన బొమ్మలో మనుషులు మసకలో కలిసిపోరు. స్పష్టంగా, నిండుగా మన ముందు నిలబడతారు. ఋష్యశృంగుడి కథ తీసుకున్నా, యశోధరను చూసి మనసు పడ్డ సిద్ధార్థుణ్ని తీసుకున్నా, ‘పుష్పాలంకారం’లో స్త్రీలను వేసినా అదే తీరు.

కలకత్తాలో బహుమతి, లండన్‌లో ప్రదర్శన

ఋష్యశృంగుడి బొమ్మకు 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయ్ బహుమతి వచ్చింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకూ ఆయన చిత్రాలు వెళ్లాయి. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు.

పేరు వచ్చింది కదా అని బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడలేదు. రాజమండ్రి తిరిగొచ్చి బొమ్మల బడి పెట్టారు. మిత్రుడు వరదా వెంకటరత్నం తోడు నిలిచారు. ఇంకో సంగతి గమనించారా? ఆడవాళ్లు బడికెళ్లడమే గొప్పగా ఉన్న ఆ రోజుల్లో రామారావు భార్య సత్యవాణి కుంచె పట్టారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణిగా పేరు తెచ్చుకున్నారు. బొమ్మల విద్య ఆ ఇంట్లో ఒక్క మగపిల్లాడి సొత్తుగా ఉండిపోలేదు.

అంతా కుదురుకుంటున్న వేళ మశూచి వచ్చింది. మన పెద్దలు ‘అమ్మవారు పోసింది’ అనే జబ్బు. జెన్నర్ టీకా కనిపెట్టి అప్పటికి నూట పాతికేళ్లు దాటింది. కానీ దేశంలో ప్రతి ఊరికీ, ప్రతి ఒంటికీ ఆ టీకా చేరడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. మన దేశంలో మశూచి 1975లో ఆగింది. లోకమంతటా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. రామారావుకు అదంతా ఆలస్యమే.

పోయాక బతికించినవాళ్లు

చిత్రకారుడు పోతే బొమ్మలు ఏమవుతాయి? చాలా ఇళ్లలో ముందు గోడ మీంచి అటక మీదికి వెళతాయి. అక్కడ చెదలు, చెమ్మ, ఎలుకలు. తర్వాత పాత కాగితాల తూకంలోకి.

రామారావు బొమ్మలకు ఆ గతి పట్టలేదంటే కారణం వెనక ఉన్న మనుషులు. వరదా వెంకటరత్నం ఆ బడిని మూతపడనివ్వలేదు. ఇంటివాళ్లు, మిత్రులు బొమ్మల్ని చెదిరిపోనివ్వలేదు. ఈ రోజు రాజమండ్రిలో దామెర్ల రామారావు స్మారక చిత్రశాల ఉందంటే వాళ్ల చలవే. తైలవర్ణాలు, నీటిరంగులు, రేఖాచిత్రాలు, స్కెచ్ పుస్తకాలు అక్కడే ఉన్నాయి. నీటిరంగుకు ఎండ పడదు, కాగితానికి చెమ్మ పడదు. నది ఒడ్డున ఉన్న ఊళ్లో వందేళ్ల నాటి కాగితాన్ని కాపాడటం చిన్న పని కాదు. చూసేవాళ్లు వస్తూ ఉంటేనే కాపాడేవాళ్లకూ ఉత్సాహం. లింగంపల్లిలో రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. పుష్కరాల రేవు చూసే ఓపికలో ఓ గంట ఈ చిత్రశాలకు ఇవ్వచ్చు.

మరి మన వైపో?

1925 ఫిబ్రవరిలో రామారావు పోయారు. సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే సిద్దిపేటలో ఓ పిల్లాడు పుట్టాడు. సంగారెడ్డి కేంద్రంగా ఉన్న అప్పటి మెదక్ జిల్లా అది. ఆ పిల్లాడే కాపు రాజయ్య. రామారావు అజంతా గోడల నుంచి నేర్చుకుంటే, రాజయ్య మన నకాషీ కళాకారుల పటాల నుంచి నేర్చుకున్నారు. ఎర్రటి నేల రంగు, మందపాటి గీత, బోనాలు, పల్లె పనులు... ఇవే ఆయన లోకం. పేరు ఎంత దూరం వెళ్లినా సిద్దిపేట మాత్రం వదల్లేదు. 2012లో కన్నుమూశారు. రామారావుకు దొరకని నిండు ఆయుష్షు ఈయనకు దొరికింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కానీ ఇద్దరూ చేసింది ఒకటే. సొంత ఊరి రంగు కోసం వెతుక్కున్నారు.

ఇక నాన్నగారి ప్రశ్నకు వద్దాం. బొమ్మలు అన్నం పెడతాయా? అందరికీ పెడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ కాలం కొంత మారింది. మన పక్కనే కంది ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ కళాశాల ఉంది. మన ఫ్యాక్టరీల నుంచి బయటికెళ్లే ప్రతి పెట్టె మీదా, ప్రతి సీసా మీదా ఎవరో గీసిన బొమ్మ ఉంటుంది. ఆ చెయ్యి మీ ఇంటిదీ కావచ్చు.

ఇవన్నీ తర్వాతి మాట. ముందు కావాల్సింది కూల్డ్రే దొర చేసిన పనే. ఆయన ఆ కుర్రాడికి ఆస్తి ఇవ్వలేదు. కాస్త ఆగి, వాడు గీసింది చూశారు. అంతకన్నా మంచి బొమ్మలు ఎక్కడున్నాయో అక్కడికి తీసుకెళ్లి చూపించారు. ఈ రెండూ ఏ తల్లిదండ్రులైనా చెయ్యగలిగినవే. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా చిత్రాల ప్రతులు ఉన్నాయి. పటాన్‌చెరు నుంచి ఒక్క పూట ప్రయాణం. సెలవు రోజు ఏదన్నది ముందే కనుక్కుని బయల్దేరండి. పిల్లాడి చేతికి ఓ పెన్సిలు, ఓ తెల్లకాగితాల పుస్తకం ఇవ్వడం మాత్రం మరచిపోకండి.