ఆఖరి తెర మీద అసలు ధర

నలుగురున్న కుటుంబం. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి రానూ పోనూ టికెట్లు కావాలి. ఈ మధ్య ఒక రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక చౌక విమాన సంస్థ వెబ్‌సైటు తెరిచి కూర్చున్నాం. మొదటి తెర మీద మనిషికి ఒక వైపు రూ.3,199 అని పెద్ద అక్షరాలతో ఉంది. నలుగురికీ రెండు వైపులా లెక్కేస్తే రూ.25,592. ఫరవాలేదు అనుకుని పేర్లు, వయసులు నింపడం మొదలుపెట్టాం. తరవాతి తెర సీట్లది. ముందు వరుసకు ఒక రేటు, కిటికీ పక్కన ఒక రేటు, ఎవరూ కోరుకోని నడిమి సీటుకూ ఒక రేటు. సీటు ఎంచుకోకుండా ముందుకు పోయే దారి లేకపోలేదు, అది కింద మూలన బూడిద రంగులో చిన్న అక్షరాలతో ఉంది. ఆ తరవాత భోజనం. ఆ తరవాత బీమా. ఆ తరవాత అందరికన్నా ముందు విమానం ఎక్కే ఏర్పాటు. ఒక్కోదానికీ వద్దు, వద్దు అని నొక్కుకుంటూ డబ్బు కట్టే చోటికి చేరాక, అంతదాకా ఎక్కడా లేని వరుస ఒకటి కనబడింది: కన్వీనియన్స్ ఫీజు, రూ.2,800.

ఎవరి సౌకర్యానికి ఈ రుసుము? టికెట్టు కొన్నది మేము, వివరాలన్నీ కొట్టింది మేము. సంస్థ ఉద్యోగి ఒక్కరూ మా కోసం వేలు కదపలేదు. డబ్బు కట్టింది ఒక్కసారి, యూపీఐ పిన్ను నొక్కింది ఒక్కసారి. అయినా మనిషికి రూ.350 చొప్పున, నలుగురికి, వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, అంటే ఒక్క చెల్లింపుకు ఎనిమిది సార్లు వసూలు చేశారు. యూపీఐ చెల్లింపుపై వ్యాపారి బ్యాంకుకు కట్టుకోవలసిన ఎండీఆర్ 2020 జనవరి నుంచి సున్నా. కాబట్టి బ్యాంకు ఖర్చు కోసమే ఇంత తీసుకుంటున్నామని చెప్పినా నమ్మడం కష్టం. రైలు టికెట్టుకు ఐఆర్‌సీటీసీ కూడా ఈ పేరుతో తీసుకుంటుంది. యూపీఐతో కడితే నాన్ ఏసీకి రూ.10, ఏసీకి రూ.20, పైన జీఎస్టీ. అదీ టికెట్టుకు, మనిషికి కాదు. ఒక టికెట్టు మీద ఆరుగురు వెళ్ళినా అంతే. ఇరవై రూపాయలతో అయ్యే పనికి రెండు వేల ఎనిమిది వందలు గుంజడాన్ని రుసుము అనకూడదు. అది ముక్కుపిండి వసూలు చేయడమే.

ఇందులో చట్టానికి తెలియనిదేమీ లేదు. ఈ పత్రిక మాట్లాడవలసి వచ్చింది అందుకే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేవాడిని తెర మీద ఏమార్చే పద్ధతులు 13 అని లెక్క తేల్చి, ఒక్కోదానికి ఉదాహరణలిచ్చింది. ధరను మొదట దాచి చివర్లో బయటపెట్టడం ఏమిటో చెప్పడానికి అధికారులు ఎంచుకున్న ఉదాహరణ విమాన టికెట్టే: చెక్ అవుట్ పేజీలో ఒక ధర చూపి, డబ్బు కట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ తీసుకోవడం. అడగని వస్తువును బుట్టలో వేయడానికి ఇచ్చిన ఉదాహరణల్లోనూ విమాన టికెట్టుకు ప్రయాణ బీమాను దానంతటదే తగిలించడం ఉంది. వద్దన్నవాణ్ని సిగ్గుపడేలా చేయడానికి ఉదాహరణ, బీమా తీసుకోనివాడి చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనే మాట మీద నొక్కించడం. మూడు తప్పులకు మూడు చోట్లా విమాన టికెట్టే నమూనా. నేరం ఎలా జరుగుతుందో ఇంత స్పష్టంగా రాసిపెట్టిన ప్రభుత్వం, ఆ రాత ఇంకా పచ్చిగా ఉండగానే అదే పని కోట్లమంది ఫోన్లలో జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం క్షమించరానిది.

చౌక విమానాలు చేసిన మేలును మేము తక్కువ చేయడం లేదు. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టేదాకా మన ఊళ్ళలో విమానం అంటే తలెత్తి చూసేదే తప్ప ఎక్కేది కాదు. ఈరోజు కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు పోయే కూలీ, శ్రీకాకుళం నుంచి బెంగళూరుకు కొలువుకు పోయే కుర్రాడు విమానం ఎక్కగలుగుతున్నారంటే అది ఆ మార్పు చలవే. తినని భోజనానికి నేనెందుకు కట్టాలి అన్న ప్రశ్నలోనూ న్యాయం ఉంది. సేవలను విడదీసి దేనికదే అమ్ముకోవడానికి 2013లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది ఆ తర్కంతోనే. ప్రయాణికుడు తానుగా ఎంచుకుంటేనే వాటికి డబ్బు తీసుకోవాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 సర్క్యులర్ చెబుతోంది. భోజనం ఎంచుకోవచ్చు, వద్దనవచ్చు. కన్వీనియన్స్ ఫీజును వద్దనడానికి ఆ తెర మీద మీట ఏదీ? తప్పించుకునే వీలు లేనిది ఏదైనా టికెట్టు ధరే. దాన్ని ధరలో కలపకుండా వేరే పేరుతో చివర చూపడం అబద్ధం ఆడటంతో సమానం.

పేర్ల సంగతి కూడా చూడాలి. టికెట్టు రసీదులో కొన్నేళ్ళుగా ‘క్యూట్’ అనే ఛార్జీ ఒకటి కనబడుతోంది. విమానాశ్రయంలో చెక్ ఇన్ కౌంటర్ల కంప్యూటర్లను, యంత్రాలను అన్ని సంస్థలూ ఉమ్మడిగా వాడుకున్నందుకు కట్టేది అది. దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలే క్యూట్. తాను దేనికి కడుతున్నాడో చదువుకున్నవాడికే అర్థం కాకపోతే, తొలిసారి విమానం ఎక్కే రైతు ఎవరిని అడగాలి?

ఇక సామాను. శంషాబాద్‌లో తూకం దగ్గర నిలబడితే రోజూ కనబడే దృశ్యమే. పుణేలో కూతురి పురుటికి వెళుతున్న ఒక తల్లి నేల మీద సూట్‌కేసు తెరిచి కూర్చుంది. పదిహేను కిలోలకు పైన మూడు కిలోలు తేలింది. కిలోకు ఇంత అని కౌంటరు అమ్మాయి చెప్పిన రేటు విని, ఆవిడ ముందు చీరలు తీసి భుజం సంచిలో కుక్కింది, తరవాత సున్నుండల డబ్బా. ఆవకాయ సీసా చేతిలో పట్టుకుని ఆగిపోయింది. చేతి సామానులో పెడితే తనిఖీ దగ్గర తీయించేస్తారని వెనకనున్నవారెవరో చెప్పారు. పచ్చడి పారేయడమా, దాని ఖరీదుకు ఎన్నో రెట్లు కట్టడమా? వెనక వరుస కదలడం లేదు, అందరూ చూస్తున్నారు. ఆవిడ కొంగు ముడి విప్పి డబ్బు తీసింది.

2016లో డీజీసీఏ ఈ భారం కొంత తగ్గించబోయింది. 15 కిలోలు దాటాక 20 కిలోల వరకు కిలోకు రూ.100 మించకూడదని ఆదేశించింది. విమాన సంస్థలు కోర్టుకెళ్ళాయి. మరుసటి ఏడు ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఉన్న నిబంధనల్లో డీజీసీఏకు అధికారం చాలకపోతే అధికారం కల్పించే నిబంధన తేవడం ప్రభుత్వం పని. దాదాపు తొంభయ్యేళ్ళ నాటి విమానాల చట్టాన్నే పక్కనపెట్టి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం అమల్లోకి తెచ్చిన కేంద్రానికి, ఈ ఒక్క లోటు పూడ్చడం అసాధ్యమేమీ కాదు.

టికెట్టు రద్దు చేసుకున్నవాడి గతి ఇంకా హీనం. రద్దు రుసుము మూల ఛార్జీని, ఇంధన సర్‌ఛార్జీని కలిపినదాన్ని మించకూడదన్నది నియమం. అంటే ఆ రెండింటినీ పూర్తిగా మింగేసినా నియమం తప్పినట్టు కాదు. ఆ రుసుమును మూల ఛార్జీలో సగం దాటనివ్వవద్దని 2018లోనే పార్లమెంటు స్థాయీ సంఘం సిఫారసు చేసింది. ప్రయాణమే జరగనప్పుడు యూడీఎఫ్ వంటి విమానాశ్రయ రుసుములను, పన్నులను తిరిగి ఇచ్చేయాలని కూడా నియమం ఉంది. ‘నాన్ రిఫండబుల్’ అన్న మాట చూసి అంతా పోయిందనుకుని ఊరుకునేవారు ఎందరో. తమది కాని డబ్బు తమ దగ్గర మిగిలిపోయినప్పుడు అడిగినా అడగకపోయినా తిప్పి పంపడం సంస్థ బాధ్యత.

మార్కెట్టు ధరల్లో తలదూర్చం అనేది ఢిల్లీలో తరచూ వినబడే జవాబు. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వందల లెక్కన రద్దయి, మిగతా సంస్థల ఛార్జీలు ఆకాశానికంటినప్పుడు అదే ప్రభుత్వం తలదూర్చింది. 500 కిలోమీటర్ల లోపు రూ.7,500, 1,000 లోపు రూ.12,000 అంటూ దూరాన్ని బట్టి రూ.18,000 వరకు పరిమితులు పెట్టింది. మనసుంటే అధికారం దొరుకుతుందని ఆ రోజు తేలింది. పైగా మేము అడుగుతున్నది ధర తగ్గించమని కూడా కాదు, ఉన్న ధర ముందే చెప్పమని. ఐరోపా సమాఖ్య 2008 నుంచి ఈ నియమం అమలు చేస్తోంది: తప్పనిసరి పన్నులు, రుసుములు అన్నీ కలిపిన తుది ధరే మొదటి నుంచీ చూపాలి. అమెరికాలో 2012 నుంచి ప్రకటనల్లో పూర్తి ఛార్జీ చూపవలసిందే. చేతి సామానుకు ఛార్జీ వంటి పద్ధతులపై స్పెయిన్ 2024లో ఐదు చౌక విమాన సంస్థలకు 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఈ నియమాల వల్ల అక్కడ విమానాలు ఆగిపోలేదు.

మన దగ్గర 2025 జూన్‌లో జరిగిందేమిటి? డార్క్ ప్యాటర్న్స్ ఉన్నాయో లేవో మూడు నెలల్లో మీరే తనిఖీ చేసుకోండని ఆన్‌లైన్ వేదికలను ప్రాధికార సంస్థ కోరింది. దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టయింది. తప్పు చేసినవాడు తన తప్పు తాను వెతికి దొరకలేదని రాసిస్తే దాన్ని దస్త్రంలో పెట్టుకోవడానికి ఒక ప్రాధికార సంస్థ దేనికి?

పౌర విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతుల్లో ఉంది. వలసలకు పేరుబడ్డ జిల్లా అది. టికెట్టు డబ్బు ఎలా పోగవుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖతో కూర్చుని ఆయన ఇప్పించవలసిన ఉత్తర్వు ఒక పేజీకి మించదు. తప్పనిసరిగా కట్టవలసినదంతా కలిపి మొదటి తెర మీదే ఒకే అంకెగా ఉండాలి. కన్వీనియన్స్ ఫీజు యూపీఐపై అసలు ఉండకూడదు, మిగతా పద్ధతుల్లో చెల్లింపుకు ఒక్కసారే, అయిన ఖర్చు మేరకే ఉండాలి. రద్దయిన టికెట్ల మీద పన్నులు, విమానాశ్రయ రుసుములు అడగకుండానే కట్టినవారి ఖాతాకు చేరాలి. ఇంతదాకా తిప్పి ఇవ్వకుండా మిగిలిపోయిన మొత్తం ఎంతో ప్రతి సంస్థ చేతా లెక్క చెప్పించి, ఆ లెక్కను పార్లమెంటు ముందు పెట్టాలి.