వరి పండే తాలూకా వెనుకబడిన జాబితాలో ఎందుకుంది?

కారటగి మీదుగా గంగావతి నుంచి సింధనూరు వచ్చే దారిలో కొత్త చుట్టాన్ని ఎవరినైనా కారులో తీసుకొస్తే, సాధారణంగా ఒకే మాట అంటారు: "ఇది వెనుకబడిన ప్రాంతమా?" అడిగేలాగే ఉంటుంది మరి. కాలువ, కనుచూపు మేర వరి, వరసగా రైస్‌మిల్లులు, ట్రాక్టర్ షోరూములు, క్యాంపుకో రామాలయం. బెంగళూరు, హైదరాబాదు ఇళ్ళల్లో వండుకునే సోనామసూరి బస్తాల్లో చాలావరకు ఇక్కడినుంచి వెళ్ళేవే.

అయినా డాక్టర్ డి.ఎం. నంజుండప్ప కమిటీ 2002లో ఇచ్చిన నివేదిక తీసి చూడండి. అప్పటి 175 తాలూకాల్లో 114 వెనుకబడ్డాయని తేల్చింది. వాటిలో 39 అత్యంత వెనుకబడినవి. ఆ 39లో 21 మన కలబురగి డివిజన్‌వే. దేవదుర్గ, లింగసుగూరు, కుష్టగి, యలబుర్గా ఉన్నాయంటే ఎవరికీ ఆశ్చర్యం లేదు, అవి మెట్ట. కానీ అదే జాబితాలో మాన్వి, సింధనూరు కూడా ఉన్నాయి. తుంగభద్ర ఎడమ కాలువ పారే తాలూకాలు!

చాలామంది దీన్ని లెక్కల తప్పు అనుకుంటారు. మేము అనుకోం. కమిటీ చూసింది వడ్ల దిగుబడి ఒక్కటే కాదు. వ్యవసాయం, పరిశ్రమ, రోడ్లు, బ్యాంకులు, ఆసుపత్రి మంచాలు, డాక్టర్లు, అక్షరాస్యత, బడిలో టీచరుకు ఎంతమంది పిల్లలు అన్నవాటితో కలిపి మొత్తం 35 సూచికలు పెట్టుకుంది. పొలంలో డబ్బు పండి, ఊళ్ళో బడి, ఆసుపత్రి ఎదగకపోతే ఆ లెక్కలో తాలూకా కిందే ఉంటుంది. మన తాలూకాలకు జరిగింది అదే.

జిల్లాల అంకెలు చూస్తే ఇంకా తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత 75.36 శాతం. రాయచూరు జిల్లాది 59.56. యాదగిరిది 51.83, రాష్ట్రంలో అట్టడుగు. ఆడవాళ్ళ అక్షరాస్యత రాయచూరులో 48.73 శాతం, అంటే సగంమంది కూడా చదవలేరు. పాత అంకెలు అనవచ్చు. సరే, 2025 ఎస్సెస్సెల్సీ ఫలితాలు చూద్దాం. మొదటి స్థానంలో దక్షిణ కన్నడ, 91.12 శాతం. చివరి స్థానంలో కలబురగి, 42.43. అంతకు ముందు ఏడు చివరి స్థానం యాదగిరిది. నీతి ఆయోగ్ 2018లో కర్ణాటక నుంచి 'ఆకాంక్షిత జిల్లాలు'గా ఎంచుకున్న రెండూ రాయచూరు, యాదగిరే. హట్టిలో బంగారం తీసే జిల్లా, శక్తినగర్ నుంచి రాష్ట్రానికి కరెంటు ఇచ్చే జిల్లా ఇలా ఉంది.

ఇందులో మన క్యాంపుల వంతు ఏమిటి? మన పెద్దలు వచ్చిన కథ ఇంటింటికీ తెలిసిందే. 1953లో తుంగభద్ర నీళ్ళు వదిలారు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ అంతకు ఎన్నోరెట్లు కొన్నారు. నల్లరేగడి చదును చేశారు, మళ్ళు కట్టారు. తేళ్ళు, పాములు, మలేరియా జ్వరాలు పడ్డారు. ఆ కష్టం ఎవరూ కాదనలేరు.

కథలో మనం తక్కువగా చెప్పుకునే భాగం ఇంకొకటుంది. ఈ కాలువను ప్రధానంగా వరికోసం తలపెట్టలేదు. నీళ్ళు పలుచగా ఎక్కువ భూమికి పంచి, జొన్న, పత్తి, వేరుశెనగ లాంటి ఆరుతడి పంటలను కరువు నుంచి కాపాడాలన్నది పథకం. వరికి విడిచిన భాగం కొంచెమే. పై ఆయకట్టులో అనుమతి ఉన్న చోటా లేని చోటా వరి వేశాం. మనవాళ్ళే కాదు, మనల్ని చూసి కన్నడ రైతులూ వేశారు. ఎవరు వేసినా ఫలితం ఒకటే: మాన్వి, సిరవార, రాయచూరు వైపు చివరి ఆయకట్టుకు నీళ్ళు చేరవు. కాగితం మీద అవి నీటిపారుదల భూములే. ప్రతి ఏడూ అక్కడివాళ్ళు రోడ్డెక్కేది అందుకే. ఈ ప్రాంతంలో దానికి ఒక మాటే ఉంది, గుళె. ఇంటికి తాళమేసి, పిల్లల్నీ వెంటబెట్టుకుని బెంగళూరు కట్టడాల పనికి పోవడం. మన మళ్ళలో నాట్లు వేసే ఆడకూలీల్లో చాలామంది అలాంటి మెట్ట ఊళ్ళవాళ్ళే. సింధనూరు పక్కన బెంగాలీ శరణార్థులకు ఇచ్చిన ఆర్‌హెచ్ క్యాంపుల నుంచీ కొందరు వస్తారు.

ఇక రెండో సంగతి. వరి డబ్బు ఎక్కడికి పోయింది? ఇల్లు కట్టాం, మిల్లు పెట్టాం, గుడి కట్టాం. పిల్లలకు పదేళ్ళు దాటేసరికి విజయవాడ, హైదరాబాదు హాస్టళ్ళు. ఒంట్లో బాగాలేకపోతే కర్నూలో, హైదరాబాదో, బెంగళూరో. తాలూకా ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్నా, ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు లేకపోయినా మన ఇంటికి ఆ బాధ తగల్లేదు. తగలనివాళ్ళు అడగరు. ఊళ్ళో కాస్త గట్టిగా మాట్లాడగలిగిన ఇళ్ళే అడగకపోతే ఆఫీసులో ఎవరికి భయం? చదువుకుని మన పిల్లలు తిరిగి రాలేదు, పొలం కౌలుకు పోయింది. తప్పెవరిదని కాదు, చేతిలో డబ్బున్న ఎవరైనా చేసే పనే. కానీ సూచికల్లో తాలూకా అడుగున ఉండిపోవడానికి అదీ ఒక కారణం.

ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే చేసింది. రాజ్యాంగంలో 371జె వచ్చింది. ఈ ఏడు జిల్లాల విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు, ఇక్కడి ఉద్యోగాల్లో హోదానుబట్టి 75 నుంచి 85 శాతం స్థానికులకు, బయటి జిల్లాల్లో 8 శాతం. అభివృద్ధి మండలికి 2023-24 నుంచి ఏటా 5,000 కోట్లు ప్రకటించారు. డబ్బు కేటాయించడం వేరు, ఏడాదిలోపు ఖర్చు చేయడం వేరు. ఇంజనీరు, టీచరు, నర్సు పోస్టులు ఖాళీగా ఉన్నచోట నిధులు భవనాలుగా మారతాయిగానీ చదువుగా మారవు. రాయచూరుకు ఎయిమ్స్ కావాలని 2022 మేలో మొదలైన ధర్నా ఏళ్ళ తరబడి సాగింది. ఆ శిబిరంలో మన క్యాంపులవాళ్ళు ఎంతమంది కూర్చున్నారో మనకే తెలుసు.

371జె సర్టిఫికెట్ విషయం మాత్రం చెప్పాలి. ఇక్కడ పుట్టినవాళ్ళకు, నిర్ణీత కాలం స్థిరపడినవాళ్ళకు, వాళ్ళ పిల్లలకు హక్కు ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నది అడ్డం కాదు. దరఖాస్తు అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసుకు వెళ్తుంది. సీటు వచ్చే వారం ముందు పరుగెత్తేకంటే పిల్లలు తొమ్మిదిలో ఉన్నప్పుడే తీసి పెట్టుకోవడం మంచిది.

ఇన్నాళ్ళూ వరి ఉంది కాబట్టి ఇవన్నీ పక్కన పెట్టాం. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు క్యాంపుల్లో ఎవరూ నిద్రపోలేదు. కన్నయ్యనాయుడు గారి బృందం పారే నీళ్ళలోనే తాత్కాలిక గేటు దించితే ఊపిరి పీల్చుకున్నాం. మిగతా 32 గేట్లూ పాతబడ్డవే. 2025లో 80 టీఎంసీలకు మించి నిల్వ వద్దన్నారు, గేట్ల పనికోసం రెండో పంటకు నీళ్ళివ్వలేదు. కొత్త గేట్లు బిగించినా పూడిక పోదు. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 105 చిల్లరే పడుతుంది. రెండో పంట ఇక ఏటా వస్తుందని రాసిపెట్టుకోవడానికి లేదు. అది లేకపోతే విజయవాడ హాస్టలు ఫీజు ఎన్ని ఇళ్ళు కట్టగలవు? కౌలుదారుల ఇళ్ళు ముందు ఆగిపోతాయి. అప్పుడు ఆ పిల్లలు వెళ్ళేది పక్కనున్న ప్రభుత్వ హైస్కూలుకే. ఇన్నేళ్ళు మనం అడగని లెక్కల టీచరు అక్కడ ఉండాలి.

2011 తర్వాత జనాభా లెక్కలు జరగలేదు కాబట్టి ఈ చర్చంతా పాత అంకెలమీదే నడుస్తోంది. కొత్త లెక్కల జనగణన ఘట్టం 2027 ఫిబ్రవరిలో, మార్చి 1 తేదీ ప్రమాణంగా. ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు మాతృభాష దగ్గర తెలుగు అని చెప్పడం మనం మరిచిపోం. అయితే ఫిబ్రవరి అంటే గుళె కాలం. మెట్ట ఊళ్ళలో ఇళ్ళకు తాళాలుంటాయి, ఆ కుటుంబాలు బెంగళూరు షెడ్లలో ఉంటాయి. వాళ్ళను దేవదుర్గ లెక్కలో వెతికితే దొరకరు. బడికి పోని వాళ్ళ పిల్లలూ అక్కడ దొరకరు.