60 రూపాయల కాపీయే చవక

బొమ్మలు వేసే స్నేహితులు నాకు ముగ్గురున్నారు. పగలు కోడు రాస్తారు, రాత్రిళ్ళు కామిక్స్ గీస్తారు. ముగ్గురి పుస్తకాలూ హార్డ్ డిస్కుల్లోనే మగ్గుతున్నాయి. అచ్చెందుకు వెయ్యలేదు బాబూ అంటే ముగ్గురిదీ ఒకటే జవాబు: "ప్రెస్సులో వెయ్యి కాపీలకి తగ్గితే గిట్టదన్నారు. అంత డబ్బు పెట్టాక అమ్ముడుపోకపోతే?"

నాకు బొమ్మలు వెయ్యడం రాదు, లెక్కలు వెయ్యడం వచ్చు. అందుకని ఆ లెక్కేదో నేనే వేసి చూశాను. నాకు తేలిందేంటంటే, మనం అడిగే ప్రశ్నే సరైంది కాదు. "కాపీకి ఎంత పడుతుంది?" అని అడుగుతాం. అడగాల్సింది "అమ్ముడుపోకపోతే నాకెంత పోతుంది?" అని.

ముందు ప్రెస్సువాళ్ళు వెయ్యి అని ఎందుకంటారో చూద్దాం. వాళ్ళకి మనమీద కక్షేమీ లేదు. ఆఫ్‌సెట్‌లో ప్రతి రంగుకీ ఒక ప్లేటు చెయ్యాలి. నలుపొక్కటే అయితే ఒకటి, రంగుల బొమ్మయితే నాలుగు. పెద్ద షీటుకి ఒక పక్క 8 పేజీలు, రెండో పక్క 8 పేజీలు పడితే 16 పేజీల ఫారం. అంటే 32 పేజీల పుస్తకానికి రెండు ఫారాలు. నలుపులో 4 ప్లేట్లు, రంగుల్లో 16. ఆ ప్లేట్లు, మెషీను సిద్ధం చెయ్యడం, అచ్చు సరిగ్గా కుదిరేదాకా పాడయ్యే కాగితం... ఈ ఖర్చంతా మొదటి కాపీ బయటికి రాకముందే అయిపోతుంది. 10 వేసినా అంతే, 10 వేలు వేసినా అంతే. డిజిటల్ ప్రింటింగులో ప్లేట్లుండవు. ఒక్క కాపీ కూడా వేస్తారు. కాకపోతే ప్రతి కాపీకీ రేటు ఎక్కువ.

ఇప్పుడు లెక్క. ఇవి నేను ఊరికే అనుకున్న అంకెలు, మీ ఊరి రేట్లు పెట్టి మళ్ళీ వేసుకోండి. ఆఫ్‌సెట్‌కి ముందు ఖర్చు 20 వేలు, ఆపైన కాపీకి 12 రూపాయలు అనుకుందాం. వెయ్యి కాపీలకి 32 వేలు, అంటే కాపీ 32 రూపాయలు. డిజిటల్‌లో కాపీ 60 రూపాయలు, 100 కాపీలు వేస్తే 6 వేలు. పుస్తకం వెల 100 రూపాయలు. 80 కాపీలు అమ్ముడయ్యాయి. 8 వేలొచ్చాయి. డిజిటల్ వేసినవాడికి 2 వేలు మిగిలాయి. ఆఫ్‌సెట్ వేసినవాడికి 24 వేలు చేతినుంచి పోయి, మంచం కింద 920 పుస్తకాలు మిగిలాయి. ఇప్పుడు చెప్పండి, 32 రూపాయల కాపీ చవకా, 60 రూపాయల కాపీ చవకా?

మరి ఆఫ్‌సెట్ ఎప్పుడు? 20 వేలని రెండు రేట్ల తేడాతో, అంటే 48తో భాగించండి. 417. అన్ని కాపీలు పోతాయని నమ్మకం కుదిరేదాకా అటు చూడక్కర్లేదు. ఆ నమ్మకం ఫేసుబుక్కు లైకుల వల్ల రాదు, మొదటి 100 అమ్మితేనే వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. అచ్చుతప్పులు మొదటి వందలో బయటపడతాయి, రెండో వందలో దిద్దుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే బీటా రిలీజు అన్నమాట :)

సరే, ఆ 60ని ఇంకా ఎలా తగ్గించాలి? ఇది ప్రెస్సుకెళ్ళాక బేరమాడితే తగ్గేది కాదు, గియ్యడం మొదలెట్టకముందే తగ్గించాల్సింది. మొదటిది రంగు. రంగుల్లేకపోతే ఎవరు కొంటారని అందరూ అంటారు. జపాన్‌లో వారం వారం వచ్చే మాంగా పత్రికలు చాలామటుకు చవక కాగితం మీద నలుపు తెలుపుల్లోనే వస్తాయి. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అనే ఇద్దరు అమెరికా కుర్రాళ్ళు సొంత డబ్బూ అప్పూ కలిపి సుమారు 3 వేల కాపీలు వేసుకున్న నలుపు తెలుపు కామిక్కే టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్. లోపల నలుపు, అట్ట మాత్రం రంగు అనుకుంటే ఖర్చు బాగా దిగుతుంది, చూపుకీ బావుంటుంది.

రెండోది పేజీలు. సెంటర్ పిన్నింగు పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. కథ 33 పేజీలొచ్చిందంటే మీరు 36కి డబ్బు కడుతున్నట్టు. మూడోది సైజు. ఏ4 కాగితం మధ్యకి మడిస్తే ఏ5 పేజీలు నాలుగొస్తాయి. 8 కాగితాలతో 32 పేజీల పుస్తకం తయారు. ఈ సైజు ఏ జిరాక్సు షాపులోనైనా కుదురుతుంది.

జిరాక్సు అంటే మొహం చిట్లించకండి. అమీర్‌పేటలో జిరాక్సు నోట్సు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళం, ఆ మెషీను విలువ మనకి తెలియాలి. వరల్డ్ కామిక్స్ ఇండియా వాళ్ళు పల్లెల్లో మామూలు మనుషుల చేత నాలుగు గళ్ళ కామిక్స్ గీయించి, రెండు ఏ4 కాగితాలు అతికించి, జిరాక్సు తీసి గోడలకి అంటిస్తారు. అంతకన్నా చవక పబ్లిషింగు నాకు తెలీదు. ఒక్క ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెట్టి, మధ్యలో ఒక కోత కోస్తే 8 పేజీల బుల్లి పుస్తకం అవుతుంది, పిన్ను కూడా అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కాపీలు రెండు మూడొందలు దాటితే రీసో మెషీను ఎక్కడుందో వాకబు చెయ్యండి. బళ్ళల్లో ప్రశ్నపత్రాలు కొట్టేది దాంతోనే. పేజీకో మాస్టరు చేస్తే చాలు, తర్వాత కాపీలు చాలా చవగ్గా పడతాయి.

తెలుగుకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అనూ ఫాంట్లే. మన యూనికోడు ఫైలు అక్కడ తెరిస్తే ఒత్తులొక దారి, గుణింతాలొక దారి. అందుకని ఇంక్‌స్కేపులో అక్షరాలన్నీ గీతలుగా మార్చేసి పీడీఎఫ్ ఇవ్వండి. మల్లన్న, మండలి లాంటి యూనికోడు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. నలుపు గీతల బొమ్మలు 600 డీపీఐకి తగ్గకూడదు. కటింగు కోసం అంచుల్లో 3 మిల్లీమీటర్లు ఎక్కువ గియ్యండి. మొత్తం వేసే ముందు డమ్మీ ఒకటి చేయించి, చేత్తో పట్టుకుని చదవండి.

ఇంకో మాట. "ప్యాకేజీ" అమ్మేవాళ్ళతో జాగ్రత్త. మా వాడొకడికి ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని విడిగా డబ్బడిగారు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్లోనే.

అమ్మకంలో కొట్ల కమీషను పోతుందని మర్చిపోకండి. మూడో వంతు కమీషనిస్తే 100 రూపాయల పుస్తకం మీద మీ చేతికి 67 లోపే. 60 పెట్టి వేసిన కాపీ మీద ఇక మిగిలేది చాలా తక్కువ. కాబట్టి మొదటి వందా నేరుగా, చేతికి చేతికి, పుస్తక ప్రదర్శనల్లో అమ్మాలి. టోక్యోలో ఇప్పుడు అంత పెద్దదైన కామిక్ మార్కెట్ 1975 డిసెంబరులో 32 బృందాలతో మొదలైంది, ఎవరి పుస్తకం వాళ్ళే అమ్ముకుంటూ. పోస్టులో పంపాలన్నా చిన్న పుస్తకమే మేలు. 70 జీఎస్ఎం కాగితం, 300 జీఎస్ఎం అట్టతో మన 32 పేజీలు 60 గ్రాములు కూడా తూగవు. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేసింది. 2025 మేలో పెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలతో మొదలైంది, పన్నులు అదనం. మీ పుస్తకం అందులో వెళ్తుందేమో కౌంటర్లో అడగండి.

ఇంత తంటా ఎందుకు, ఇంటర్నెట్లో పెట్టేస్తే పోలా అనొచ్చు. ఆ ముగ్గురిలో ఒకడు గీసింది చీరాలలో మగ్గం నేసిన వాళ్ళ తాతగారి కథ. ఆయన ఫోన్లో చదవలేరు, కళ్ళు ఆనవు. ఆ పుస్తకానికి మొదటి పాఠకుడు ఆయనే. ఆయన కోసం కావలసింది ఒక్క కాపీ. వెయ్యి కాపీల డబ్బు పోగయ్యేదాకా ఆగుదామంటే మనుషులు అన్నాళ్ళు ఉండరు. 1947లో మొదలైన చందమామే ఆగిపోయింది. మన కథల్ని ఎవరో పెద్ద కంపెనీవాళ్ళొచ్చి వేస్తారని చూస్తూ కూర్చోవడం నాకైతే తెలివైన పనిలా కనబడదు.

రంగుల్లో, నున్నటి ఆర్ట్ పేపరు మీద, వెయ్యి కాపీలు వెయ్యాలన్న కోరిక మంచిదే. అది రెండో పుస్తకానికి దాచుకోండి. మొదటి పుస్తకానికి 8 కాగితాలు, రెండు పిన్నులు చాలు. మీ ఊళ్ళో డిజిటల్‌కీ రీసోకీ ఎంత తీసుకుంటున్నారో తెలిస్తే నాకూ చెప్పండి, ఆ అంకెలతో లెక్క మళ్ళీ వేద్దాం.