ఇష్టం ముందు రాదు

"నీ ప్యాషన్ ఏదో ముందు వెతుక్కో, తర్వాత దాని వెంట పడు" అనే సలహా వింటే నాకు ఒళ్లు మంట. వెతుక్కోడానికి అదేమన్నా మంచం కింద పడ్డ దువ్వెనా? ఇది నమ్మి మా ఈడువాళ్లు మూడు నెలలు గిటారు, రెండు నెలలు ఫోటోగ్రఫీ నేర్చుకుని, గుండె ఝల్లుమనలేదని మానేస్తున్నారు. వారాంతపు వర్క్‌షాపులు అమ్మేవాళ్లకి ఈ సలహా భలే పనికొస్తుంది. ఒకటి నచ్చకపోతే ఇంకోటి కొంటాం కదా.

నేను కందపద్యాలు రాస్తాను. నవ్వకండి. ఇందులోకి ప్రేమతో రాలేదు, స్నేహితుడితో పందెం కాసి వచ్చాను. రోజుకొకటి రాయాలి. మొదటి ఏడాదంతా అది పద్యం కాదు, లెక్కల హోంవర్కు. అన్నీ నాలుగు మాత్రల గణాలే. మొదటి పాదంలో మూడు, రెండో పాదంలో ఐదు. బేసి గణంగా జగణం రాకూడదు, ఆరో గణం మాత్రం జగణమో నలమో అయి తీరాలి. రెండో పాదం చివర గురువు. ఇవి కాక యతి, ప్రాస. మెట్రోలో నేను వేళ్లు మడుస్తుంటే పక్కాయన వడ్డీ లెక్కలనుకునుంటాడు. ఇదేనా నీ ప్యాషన్ అని అప్పుడు ఎవరన్నా అడిగితే కాదనే చెప్పేవాణ్ణి.

రెండో ఏడాది ఎప్పుడో వేళ్లు మడవడం ఆగిపోయింది. ఆరో గణం దగ్గర జగణం తెచ్చే చిన్న కుదుపు చెవికే తెలుస్తోంది. బళ్లో బట్టీపట్టిన సుమతీ శతకం మళ్లీ తీశాను. అదంతా కందమే. నీతులు అప్పుడూ ఎక్కలేదు, ఇప్పుడూ ఎక్కలేదు (ఆడవాళ్ల మీద చెప్పినవి ఎక్కకూడదు కూడా). కానీ పొట్టి పాదం అలా ఎత్తి ఆపితే, పొడుగు పాదం దాన్ని అందుకుని నింపాదిగా దిగడం ఉంది చూశారూ, ఆ నడక కోసం మళ్లీ మళ్లీ చదివాను. తిక్కన కందాల దగ్గరికీ అలాగే వెళ్లాను. ఆ సుఖాన్ని పట్టుకునే చెవి రెండేళ్ల ముందు నాకు లేదు. లేని చెవితో ఏం వెతుక్కోను?

ఏది పదేపదే చేసినా ఇష్టం పుడుతుందనడం లేదు. ఆఫీసులో ఆరేళ్లుగా ఎక్సెల్ షీట్లు నింపుతున్నాను, వాటి మీద ప్రేమేం పుట్టలేదు. నింపడం వేరు. సాధనలో నిన్న వినపడని తప్పు ఇవాళ వినపడుతుంది.

అయితే దానికి రోజూ ఓ అరగంట కావాలి. అది అందరికీ దొరకదు. నాకు అసలు కోపం ఇక్కడే. మా వదిన చేత చిన్నప్పుడే, జంట వరుసల దగ్గర, వీణ మాన్పించారు. ఆమెకి సంగీతమంటే ఇష్టం లేదని పుట్టింట్లో ఇప్పటికీ అంటారు. జంట వరుసలు దాటనివ్వని పిల్లకి ఇష్టం ఎక్కణ్నుంచి వస్తుంది? పోయిన నెల నుంచి పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టింది. అదే మాయామాళవగౌళ, అవే సరళీ వరుసలు. ఇష్టంగా ఉందా అని ఆమెని ఇప్పుడే ఎవరూ అడక్కండి.