బద్ధకం అని పేరు పెట్టకముందు ఒక్క రక్తపరీక్ష

మూడేళ్ళ కింద నేను నవ్వడం మానేశాను. ఆ సంగతి నాకే తెలీదు. అమ్మ పట్టుకుంది. "ఏందే బిడ్డా, మొకం గట్ల ఉబ్బింది? మాటనే వస్తలేదు నీకు" అన్నది.

ఏ కవి మీద పీహెచ్‌డీ చేశానో ఆ కవి పేరే పాఠం మధ్యలో గుర్తురాక నిలబడిపోయేదాన్ని. మే నెలలో చలి. పది గంటలు పడుకున్నా తీరని నిద్ర. ఊరికే ఏడుపు.

స్టాఫ్‌రూంలో రోగమేంటో వెంటనే తేల్చేశారు. "కోటాలో వచ్చినోళ్ళ పని ఇట్లనే ఉంటది" అని నా వెనక ఒక గొంతు. ఆ మాట అన్నందుకు కాదు నా బాధ, నేనూ దాన్ని నమ్మినందుకు. రెండింతలు కష్టపడితేనే సగం మర్యాద దొరుకుతుందని నేర్చుకుని పెరిగినవాళ్ళం కదా. ఆ రెండింతలు చేతకాని రోజున, బతకడమెందుకు అనిపించింది.

చివరికి వెళ్ళిన సైకియాట్రిస్టు, మందుల కంటే ముందు రక్తపరీక్ష రాసింది. నాలుగైదుకు మించకూడని టీఎస్‌హెచ్ నాకు అరవై దాటింది.

గొంతు ముందు ఉండే ఆ చిన్న గ్రంథి ఒళ్ళంతటి వేగాన్నీ నడిపిస్తుంది. మెదడు కూడా ఒంట్లో భాగమే. హార్మోను తగ్గితే దిగులు, మతిమరుపు, మందకొడితనం. ఎక్కువైతే ఆందోళన, చిరాకు, గుండెదడ, నిద్రలేమి. 1949లోనే రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ డాక్టరు, మతి చెడిందనుకున్న 14 మందిలో అసలు జబ్బు థైరాయిడ్ లోపమని రాశాడు. బైపోలార్‌కు వాడే లిథియం కూడా థైరాయిడ్‌ను దెబ్బతీయొచ్చు. అందుకే అది వాడేవాళ్ళకు ఈ పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయాలి.

ప్రతి దిగులూ థైరాయిడే అనడం లేదు. నాకు పొద్దున పరగడుపున వేసుకునే మాత్రతో పాటు కౌన్సెలింగ్ కూడా కావాల్సొచ్చింది. మాత్రతో టీఎస్‌హెచ్ దిగింది. స్టాఫ్‌రూం మాట దిగడానికి ఇంకా టైం పట్టింది.

మా పెద్దమ్మ గుర్తొస్తోంది. నాట్లలో వెనకబడితే "బద్ధకపుది" అన్నది పొలం ఆసామి. ఒక్కతే కూర్చుని ఏడిస్తే "గాలి సోకింది" అన్నది వాడ. ఆమెకు ఏ జబ్బు ఉండిందో నేనిప్పుడు చెప్పలేను. ఎందుకంటే ఆమె పోయేదాకా ఎవరూ ఒక్క చుక్క రక్తం తీసి చూడలేదు.

మన ఆడవాళ్ళు డాక్టరుకు "దిగులుగా ఉంది" అని చెప్పరు. "ఒళ్ళంతా నొప్పులు, చాతనైతలేదు" అంటారు. నొప్పుల సూది వేసి పంపిస్తారు. అక్కడే ఆగి, నిద్రెట్లుంది, మనసెట్లుంది అని అడగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే టీఎస్‌హెచ్ రాయాలి. ఇది దయ కాదు, హక్కు.

ఈ లక్షణాలు మీలోనో మీ అమ్మలోనో కనిపిస్తే పరీక్ష అడగండి. బతకాలనిపించకపోతే రిపోర్టు కోసం ఆగకండి. టెలి మానస్ 14416కు ఇప్పుడే ఫోన్ చేయండి.

మనల్ని బద్ధకస్తులని వాళ్ళు అంటూనే ఉంటారు. మనం మాత్రం మనల్ని అనుకోవద్దు.

జై భీమ్.