పొదుపు వంటింటిలో కాదు, పద్దులో ఉన్నది



పొదుపు అనగానే మనలో చాలామంది దృష్టి వంటింటి వైపు మళ్ళుతుంది. నూనె తగ్గించమని, చింతపండు చూసి వాడమని, పండుగకు పిండివంటలు కుదించుకోమని ఇల్లాలికి చెప్పడం చాలా తేలిక. బ్యాంకు తరఫున గ్రామ సభలలో మాట్లాడేటప్పుడు నేను కూడా మొదట్లో ఇదే చెప్పేవాడిని. ఒక సభ ముగిసిన తరువాత ఒక తల్లి నా వద్దకు వచ్చి, "సారూ, మీరు తగ్గించుమన్న నూనె నెలకు అర్ధ కిలో. దుకాణంలో మా పేర రాసిన వడ్డీ ఎంతో ఎన్నడన్నా చూసిండ్రా?" అని అడిగింది. నేను చూడలేదు. ఆ సాయంత్రమే వారి ఇంటి అరుగు మీద కూర్చుని ఆ పద్దు పుస్తకం చూశాను. నా అభిప్రాయం మారినది ఆనాడే.

ఆ పుస్తకం చెప్పిన విషయాన్ని మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. గ్రామీణ కుటుంబానికి నిజమైన దుబారా తినే వస్తువులో లేదు, దానిని కొనే తీరులో ఉన్నది. పిల్లవాని గ్లాసులోని పాలు తగ్గించవలసిన అవసరం లేదు. అరువు తగ్గించవలసిన అవసరం ఉన్నది.

రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత?

మన ఊళ్ళలో వడ్డీని శాతాలలో చెప్పరు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అంటారు. అంటే నూరు రూపాయలకు నెలకు అంత అని అర్థం. వినడానికి చిన్న మాట. కాని రెండు రూపాయల వడ్డీ సంవత్సరానికి 24 శాతం, మూడు రూపాయల వడ్డీ 36 శాతం అవుతుందని గమనించగలరు.

కంది పండించే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. జూన్‌లో విత్తనం వేసిన నాటి నుండి జనవరిలో పంట చేతికి వచ్చే దాకా ఎనిమిది నెలలు. నెలకు 4,000 రూపాయల కిరాణా సరుకు అరువు మీద తెచ్చుకున్నారనుకుందాం. మొత్తం సరుకు విలువ 32,000 రూపాయలు. జూన్ మొదట్లో తెచ్చిన సరుకుకు ఎనిమిది నెలల వడ్డీ, జూలై సరుకుకు ఏడు నెలల వడ్డీ, ఈ విధంగా జనవరి సరుకుకు ఒక నెల వడ్డీ పడుతుంది. రెండు రూపాయల చొప్పున ఇదంతా కలిపితే 2,880 రూపాయలు. మూడు రూపాయల చొప్పున అయితే 4,320 రూపాయలు. వడ్డీ అని రాయకుండా ప్రతి సరుకు మీద ధర పెంచి రాసే దుకాణాలూ ఉన్నాయి. అక్కడ ఈ సొమ్ము కంటికి కనిపించదు, అంతే తేడా.

ఇంకొక సంగతి ఈ లెక్కలోనే దాగి ఉన్నది. మొదటి మూడు నెలల సరుకు విలువ 12,000 రూపాయలు మాత్రమే. కాని రెండు రూపాయల చొప్పున పడే 2,880 రూపాయల వడ్డీలో 1,680 రూపాయలు ఆ మూడు నెలల సరుకు మీదనే పడుతున్నది. కావున ఎనిమిది నెలల అరువునూ ఒక్కసారిగా మానుకోలేని కుటుంబం కూడా జూన్, జూలై, ఆగస్టు నెలల సరుకును నగదుకు కొనగలిగితే సగానికి పైగా భారం తప్పుతుంది.

ఆ 12,000 రూపాయలు ఎక్కడి నుండి వస్తాయని మీరు అడుగుతారు. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. 2012లో సవరించిన పథకం ప్రకారం, పంటకు నిర్ణయించిన రుణ పరిమితి మీద మరొక 10 శాతం కోత అనంతర ఖర్చులకు, ఇంటి అవసరాలకు కలుపుతారు. పంట రుణం 1,20,000 రూపాయలైతే ఈ భాగం 12,000 రూపాయలు. చాలామంది రైతులకు ఈ సంగతి తెలియదు. తెలిసిన వారిలో కొందరు మొత్తం పరిమితిని మొదటి రోజే తీసి ఇంట పెట్టుకుంటారు. అట్లా చేయవద్దని నా మనవి. తీసిన సొమ్ముకే, తీసిన రోజు నుండే వడ్డీ పడుతుంది. నెలనెలా అవసరమైనంత తీసుకోవడమే లాభం. 7 శాతం వడ్డీ చొప్పున ఈ మూడు నెలల సరుకుకు జనవరి చివరి దాకా పడేది 490 రూపాయలు. దుకాణం పద్దులో 1,680, బ్యాంకు పద్దులో 490. పంట రుణాన్ని గడువులోపల తీర్చిన వారికి వడ్డీలో 3 శాతం ప్రోత్సాహకం కూడా ఉన్నది. గడువు దాటితే ఆ సదుపాయం పోతుంది.

ఇక్కడ మా వైపు లోపాన్ని దాచడం న్యాయం కాదు. జూన్‌లో అందవలసిన రుణం ఆగస్టులో అందితే రైతు జూన్ సరుకుకు దుకాణానికే వెళ్ళాలి. కాగితాల కొరకు నాలుగుసార్లు తిప్పించుకున్న రైతు అరువే నయమనుకుంటే తప్పు అతనిది కాదు. అందుకే ఏప్రిల్, మే నెలలలోనే కార్డు పునరుద్ధరణకు రావాలని మా శాఖ పరిధిలోని ప్రతి ఊరిలోనూ చెబుతున్నాను. వచ్చిన వారిని ఊరికే తిప్పి పంపకూడదని మా సిబ్బందికీ చెబుతున్నాను.

అమ్మినది మళ్ళీ కొనడం

నేను పనిచేసే ప్రాంతం కందికి పేరు పొందినది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయినా అదే నేల మీద కంది పండించిన ఇంటివారు ఫిబ్రవరిలో చివరి బస్తా దాకా మార్కెట్ యార్డుకు పంపి, జూన్ నాటికి కందిపప్పును కిలోల లెక్కన దుకాణంలో అరువు తెచ్చుకోవడం నేను ప్రతి యేడూ చూస్తున్నాను. గింజ వెళ్ళిన బండి కిరాయి, మిల్లు ఖర్చు, దళారి కమీషను, పప్పు తిరిగి వచ్చిన కిరాయి, అరువు మీద వడ్డీ అన్నీ ఆ కిలో ధరలోనే ఉంటాయి.

అయిదుగురు ఉన్న ఇంటికి నెలకు 3 కిలోల పప్పు అనుకుంటే యేడాదికి 36 కిలోలు. నూరు కిలోల కందుల నుండి ఇంచుమించు 70 కిలోల పప్పు వస్తుంది. కావున 52 కిలోల కందులు, అంటే సుమారు అర క్వింటాలు ఇంట ఉంచుకుంటే ఏడాది పప్పుకు దిగులు లేదు. పంటి కింద పటుక్కుమని విరిగేటంత వరకు గింజను ఎండబెట్టి, చల్లారిన తరువాత తేమ తగలని డబ్బాలో గట్టిగా మూత బిగించి, ఎండు వేపాకు వేసి ఉంచడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే. పొట్టు, నూక పశువులకు మేతగా పనికి వస్తాయి. మిరప, పసుపు, చింతపండు, వేరుశనగ విషయంలోనూ ఇదే ఆలోచన చేయవచ్చు. అప్పు తీర్చే తొందరలో తిండిగింజలను కూడా అమ్ముకోవడం పొదుపు కాదు.

పెరటి సంగతి క్లుప్తంగా చెబుతాను. గిన్నెలు కడిగిన నీరు పారే చోట ఒక మునగ, ఒక కరివేపాకు చెట్టు, పందిరికి ఒక సొర లేదా దొండ తీగ, ఒక మడి బచ్చలి ఉంటే వారంలో రెండు మూడు పూటల కూర ఇంటిలోనే దొరుకుతుంది. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెడితే, రోజుకు అయిదు గంటల చొప్పున నెలకు ఏడున్నర యూనిట్లు మిగులుతాయి. ఇవి మంచి పనులే. కాని పెద్ద చిల్లును వదలి చిన్న చిల్లులను మాత్రమే పూడ్చుకుంటూ కూర్చోవద్దు.

ఇంటిల్లిపాదికీ తెలిసిన లెక్క

నా బాల్యంలోని ఒక సంగతి మీతో చెప్పుకోవాలి. మా నాన్నగారు చిన్న రైతు. మా అమ్మ ప్రతి పూటా ఎసట్లో పోసే బియ్యంలో నుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. నెల చివర ఆ బియ్యం అమ్మి వచ్చిన చిల్లరను అక్క చదువు కొరకు దాచేది. ఆమెది నిజమైన పొదుపు. అదే సమయంలో దుకాణంలో మా పద్దు పెరుగుతూనే ఉన్నది. ఎంత పెరిగినదో నాన్నగారికి తప్ప ఇంట ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళకు చెబితే బెంగపడతారని ఆయన ఉద్దేశం. అక్క పదవ తరగతి పూర్తి చేసిన యేడు పంట సొమ్ము నేరుగా దుకాణానికి వెళ్ళిపోయింది. అమ్మ దాచిన సొమ్ము కూడా అందులోనే కలిసింది. అక్క కాలేజీలో చేరలేదు. నేను తరువాత బీయస్సీ చదివాను, ఉద్యోగంలో చేరాను. ఆ పద్దు పుస్తకం ఇప్పటికీ నా వద్ద ఉన్నది. అందులో చివరి పుటలో వడ్డీ కింద రాసిన సొమ్ము ఆ యేటి అక్క ఫీజు కన్న ఎక్కువ. నాన్నగారు తాగుబోతు కారు, జూదరి కారు. ఇంటి లెక్కను ఒంటరిగా మోశారు, అంతే.

అందుకే లెక్క ఒక్కరి మనసులో ఉన్నంత కాలం పొదుపు సాగదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇల్లాలు పైసలు మిగుల్చుతూ ఉంటే యజమాని వందలు అరువు రాయించుకోవచ్చు. లేదా ఇద్దరికీ తెలియకుండా కొడుకు ఫోను వాయిదాల మీద కొనవచ్చు. నెలలో ఒక రాత్రి, భోజనాల తరువాత, ఇంటిల్లిపాదీ కూర్చుని నోటుపుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఈ నెల వచ్చినది, పోయినది, ఎవరికి ఎంత బాకీ ఉన్నది. బడికి వెళ్ళే బిడ్డ చేత రాయించండి. మూడవది రాయడమే అన్నిటికన్న కష్టం, అన్నిటికన్న ముఖ్యం.

ఇంటి లెక్క ఆడవారికి తెలిసినప్పుడు ఏమి జరుగుతుందో మన తెలుగు నేలకు తెలియనిది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న మహిళలు 1992లో సారాపై పోరాటం సాగించారు. కూలి డబ్బు ఇంటికి రాకుండా ఎక్కడ పోతున్నదో వారు గుర్తించారు. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ వెంటనే అదే జిల్లాలో రోజుకు ఒక రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు వెలిశాయి. 1992లోనే నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో జోడించే ప్రయోగం ఆరంభించింది. నేడు మీ ఊరి సంఘం బ్యాంకు గడపలోకి ధైర్యంగా రావడం వెనుక ఈ చరిత్ర ఉన్నది.

వ్యాపార మిత్రులకు ఒక మాట

అరువు ఇచ్చే దుకాణదారుని శత్రువుగా చూపడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే తలుపు తీసి డబ్బు ఇచ్చేది అతడే, బ్యాంకు కాదు. కాని మీ లెక్క కూడా ఒకసారి చూసుకోండి. ఒక్కొక్క ఇంట 32,000 రూపాయల చొప్పున యాభై ఇళ్ళలో మీ సొమ్ము 16 లక్షలు చిక్కుకుని ఉంటే, దాని కొరకు మీరూ పైవారికి వడ్డీ కడుతూనే ఉంటారు. వర్షం ముఖం చాటేసిన యేడు రైతుతో పాటు మీరూ మునుగుతారు.

నగదు ధర, అరువు ధర వేరువేరుగా పలకపై రాయండి. నగదుకు కొన్నవారికి నాలుగు పైసలు తగ్గించండి. ఖాతాదారునికి ప్రతి నెలా బాకీ ఎంతో చీటీ మీద రాసి ఇవ్వండి. ఎరువుల డీలర్లు నగదుకైనా అరువుకైనా కొనుగోలుదారునికి రసీదు ఇవ్వాలని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నది. అది రైతు అడిగితేనే ఇచ్చేది కాకూడదు. లెక్క తేటగా ఉన్న చోట బాకీ తొందరగా వసూలవుతుందని నా అనుభవం.

పాఠక మిత్రులారా! ఈ నెల ఒక్క పని చేయండి. దుకాణం పద్దు పుస్తకం తెప్పించి, ఇంటివారందరి ముందు చివరి పుట వరకు చదవండి. అందులో వడ్డీ కింద, ధర పెంపు కింద పోయిన సొమ్మును వేరుగా కూడండి. ఆ సొమ్ముతో మీ ఇంట ఏ బిడ్డ చదువు, ఎవరి వైద్యం, ఏ ఎద్దు కొనుగోలు ఆగిపోయినదో ఒకరినొకరు అడగండి. పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ తరువాత మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా అమ్మ పిడికెడు బియ్యం దాచిన కుండకు అడుగున చిల్లు ఉన్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీ ఇంట ఆ మాట నేడే చెప్పుకోండి.